రెండు బొమ్మల సందులో బిళియ

అంబికకు చిన్నప్పటి నుంచీ ఒక పిచ్చి ఉంది. ట్యూబ్‌లైటు కింద నిలబడి చెయ్యి గబగబా ఊపి, ఎన్ని వేళ్ళు కనపడుతున్నాయో చూసుకోవడం. చేతికి ఉన్నవి ఐదే గదా, లైటు కింద ఊపితే పదీ పన్నెండూ కనపడేవి. అదే చెయ్యి ఎండలో ఊపితే వేళ్ళన్నీ కలిసిపోయి పొగలాగా అయ్యేవి. లైటు కిందకు రాగానే వేళ్ళు పుడతాయా ఏంది అని తన ఊరు హచ్చొళ్ళి బడిలో సారును అడిగింది. సారు చెయ్యి దించమన్నాడు. ఇంట్లో అడిగితే, ఊపే చేత్తో రెండు అంట్లు తోమమన్నారు. వేరే పిల్లయితే అంతటితో మానుకొనేది. అంబిక మానుకొనే రకం కాదు. ఏది కదులుతున్నా సరే, ఆ కదలిక నడుమ ఏముందో ఆమెకు తెలియాల్సిందే.

ఆ పిచ్చే తర్వాత ఆమెకు కూడు పెట్టింది. చదువు అయ్యాక బళ్ళారిలో ఒక ఫోటో స్టూడియోలో చేరి, మొదట పెళ్ళి ఆల్బమ్‌లు, తర్వాత పెళ్ళి వీడియోలు చేయడం నేర్చుకొంది. రూపనగుడి ఊరి హనుమేష్‌తో పెళ్ళయ్యాక పని ఇంటికే తెచ్చుకొంది. హనుమేష్ తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగం. కంపెనీ బస్సు ఎప్పుడు వస్తే అప్పుడు పగలు, ఎప్పుడు దింపితే అప్పుడు రాత్రి అతనికి. నడింట్లో, జొన్న మూటల పక్కన, కిటికీ దగ్గర అంబిక టేబులు. కిటికీ అవతలే ఎద్దుల కొట్టం. అందుకని ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందరూ ఆమె టేబులు మీద పేడ వాసనలోనే పసుపు పూసుకొన్నారు. వాళ్ళకు తెలియకపోవడం మంచిదే అయింది.

పోయిన ఏడు పాత స్క్రీనుకు నిలువునా గీతలు పడి, ప్రతి పెళ్ళికొడుకూ కటకటాల వెనక నిలబడినట్టు కనపడసాగాడు. అప్పుడు హనుమేష్, బదిలీ మీద పోతున్న ఒక ఇంజనీరు దగ్గర ఈ కొత్త స్క్రీను సంపాదించాడు. దుప్పట్లో చుట్టి, కంపెనీ బస్సులో చంటిబిడ్డను కూర్చోబెట్టుకొన్నట్టు ఒళ్ళో పెట్టుకొని తెచ్చాడు.

"ఇది మామూలుది కాదు అంబీ. గేములాడేటోళ్ళది. సెకండుకు నూటనలభైనాలుగు సార్లు బొమ్మ మారుస్తాది. పాతది అరవైయే."

"మార్చి?"

"మార్చి ఏంది, మారుస్తాదంతే. స్మూత్‌గా ఉంటాది. నీకే తెలుస్తాది చూడు."

అత్త ఉచ్చంగెమ్మ కొత్త వస్తువు ఇంటికొస్తే ఊరుకోదు. కుంకుమ బొట్టు పెట్టాలి. స్క్రీను చుట్టూ అంచు సన్నంగా దారమంత ఉంది, బొట్టు పట్టలేదు. దాంతో అద్దం మీదే, కింద మూలన పెట్టేసింది. పూజ చేసిన బొట్టు తుడిచేదానికి వీల్లేదు గనుక అప్పటి నుంచి ప్రతి పెళ్ళిలోనూ ఎవరో ఒకరి కాలి దగ్గర ఒక ఎర్రచుక్క ఉండేది.

స్క్రీను వెలిగించగానే ఇంట్లో అందరికీ స్మూత్ కనపడిపోయింది. "అవునప్పా, నీళ్ళ మింద నూనె జారినట్ల ఉండాది" అంది ఉచ్చంగెమ్మ. మామ ఆంజినప్ప తలాడించాడు. వెనక వీధి యల్లప్ప పనిగట్టుకొని వచ్చి, "హౌదు, హౌదు, బరాబర్ తెలుస్తాది" అని కాఫీ తాగి పోయాడు.  అంబిక మాత్రం మౌస్ పట్టుకొని గుండ్రంగా గిరగిరా తిప్పుతూ కూర్చుంది. తిప్పితే బాణం గుర్తు ఒకటి కాదు, వరసగా బోలెడు కనపడుతుంది, చిన్నప్పటి వేళ్ళ మాదిరే. ఆ బాణాల నడుమ ఖాళీలు చూసింది. పక్కన తన పాత ల్యాప్‌టాప్‌లో తిప్పి చూసింది. రెండింట్లోనూ అంతే ఖాళీలు. మరి నూటనలభైనాలుగు యాడికి పోయింది? మొగుడు మోసపోయి తెచ్చాడా? ఆ మాట అనేందుకు నోరు రాలేదు గానీ, మనసు ఊరుకోలేదు.

కొన్ని వారాలకు గానీ దొరకలేదు. సెట్టింగుల్లో తిరుగుతుంటే ఒక మూలన 'అరవై' అని కనపడింది. వాళ్ళెవరూ మార్చలేదు. అన్నాళ్ళూ ఆ స్క్రీను చేతులు కట్టుకొని అరవైలోనే కూర్చుంది. అంబిక నూటనలభైనాలుగు నొక్కింది. స్క్రీను మొత్తం నల్లగా అయిపోయింది. అయ్యో, చెడగొట్టినానే అనుకొంది. అంతలోనే వెలిగింది. మౌస్ తిప్పింది. బాణాలు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకొన్నంత దగ్గరగా వచ్చేశాయి. ఖాళీలు పూడిపోయాయి. ఒక్కతే కూర్చొని పకపకా నవ్వింది.

అన్నాల దగ్గర సంగతి చెప్పేసరికి హనుమేష్ ముఖం చిన్నబోయింది. "మరి ఇన్ని దినాలు స్మూత్‌గా ఉండాదని అందరూ అంటిరే?"

"నువ్వు చెప్పినావని అంటిమి" అన్నాడు ఆంజినప్ప.

ఉచ్చంగెమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "మీకు లేదేమో గానీ, నాకు ఆ పొద్దు కూడా నూనె జారింది" అంది.

అంబికకు ఇంకొకటి కూడా తెలిసింది. బాణం నున్నగా జారుతోంది గానీ, పెళ్ళి వీడియోల్లో ఏ మార్పూ లేదు. కెమెరా సెకండుకు పట్టిందే ముప్పై బొమ్మలు. స్క్రీను ఎంత వేగంగా మార్చినా, ఆ ముప్పైనే మళ్ళీ మళ్ళీ చూపిస్తుంది. వడ్డించేవాడు ఎంత వేగంగా తిరిగితే మాత్రం, గిన్నెలో కూర పెరుగుతుందా? ఈ మాట ఆమె ఇంట్లో చెప్పింది. ఊళ్ళోకి మాత్రం వేరే మాట పోయింది. అంబిక ఇంట్లో ఒక స్క్రీను ఉందట, మనిషి కంటికి అందనిది కూడా దాంట్లో కనపడుతుందట. ఈ ప్రచారానికి మూలపురుషుడు కాఫీ తాగి పోయిన యల్లప్పే.

ఇక బిళియ సంగతి. బిళి అంటే కన్నడంలో తెలుపు. ఆంజినప్ప తెల్లెద్దుకు అదే పేరు. దాని జత ఎద్దు రోగమొచ్చి పోయింది. ఒంటెద్దుతో సేద్యం సాగదు, దున్నేది ట్రాక్టరు. ఆంజినప్పకు మోకాళ్ళు పట్టేశాయి, వంగలేడు. కాబట్టి పేడ తీసేదీ, మేత వేసేదీ అంబికే. ఒకవైపు పెళ్ళికూతురు తలంబ్రాలు పోస్తుంటే ఇంకోవైపు కిటికీలోంచి బిళియ అరిచేది, లేచి పోవాల్సిందే. హనుమేష్‌కు ఇది చూసి చూసి విసుగొచ్చింది.

"నాయనా, దీన్ని సంతకు తోలుదాం. పని లేని ఎద్దు. అంబి ఎన్నని చూస్తాది?"

 ముసలి ఎద్దును సంతలో ఎవరు కొంటారో, కొని ఎక్కడికి తోలుకుపోతారో ఆంజినప్పకూ తెలుసు, కొడుక్కూ తెలుసు. "కారుణ్ణిమె పోనీప్పా" అన్నాడు ఆయన. "బిళియ కరి తెంపితే ఉంటాడు. లేదంటే నీ ఇష్టం."

కారుణ్ణిమె అంటే ఏరువాక పున్నమి. ఆ సాయంత్రం ఎద్దులకు రంగులు పూసి, వీధి చివర అడ్డంగా కట్టిన వేపమండల తాడు మీదికి ఉరికిస్తారు. ఆ తాడే కరి. ఏ ఎద్దు కొమ్ము ముందు తగిలి తాడు తెగుతుందో ఆ ఎద్దు గెలిచినట్టు. తెల్లెద్దు తెంపితే ఆ ఏడు జొన్న, పత్తి లాంటి తెల్లపంటలు పండుతాయని, ఎర్రెద్దు తెంపితే మిరప, కంది పండుతాయని పెద్దల నమ్మకం. కరి తెంపిన ఎద్దును మళ్ళీ కారుణ్ణిమె వచ్చేదాకా సంతకు తోలకూడదని ఆ వీధి కట్టుబాటు. హనుమేష్ సరేనన్నాడు. ముసలి బిళియ గెలిచేది కల్ల అని అతని ధీమా.

అంబికకు ఏం కావాలో అంబికకే తెలియలేదు. పేడ బాధ తప్పుతుందని ఒక మనసు. కానీ కిటికీలోంచి రోజూ కనపడేది ఇంకొకటి ఉంది. మామ కొట్టంలో మంచం వేసుకొని, ఇంట్లో ఎవరితోనూ చెప్పని మాటలు ఎద్దుతో చెబుతుంటాడు. అది తల ఊపుతుంది. ఈగలకు ఊపుతుందో మాటలకు ఊపుతుందో గానీ, సరిగ్గా అవసరమైన చోట ఊపుతుంది.

కారుణ్ణిమె నాడు అంబిక మిద్దె ఎక్కి ఫోన్‌లో వీడియో తీసింది. ఆమె ఫోన్‌లో స్లో మోషన్ కూడా ఉంది, బొమ్మలు ఎన్నో రెట్లు ఎక్కువ పడతాయి. కానీ ఫోన్ నిండా ఎవరిదో పెళ్ళి ఉంది, చోటు లేదు. ఏముందిలే, ఎద్దుల పరుగే గదా అని మామూలుగా తీసేసింది. ఇంత తెలిసిన మనిషి ఆ ఒక్క పూట అంత నిర్లక్ష్యం చేసింది చూడండి!

డప్పులు మోగాయి. ఎద్దులు ఉరికాయి. అన్నింటికన్నా ముందు యల్లప్ప ఎర్రెద్దు కెంచ, మంచి వయసులో ఉంది. దాని పక్కనే, ఎక్కడి నుంచి తెచ్చుకొందో ఆ ఊపు, బిళియ. రెండూ కొమ్ముకు కొమ్ము ఆనించినట్టే వచ్చి తాడు మీద పడ్డాయి. తాడు తెగింది. ఎవరు తెంపారు? సగం ఊరు కెంచ అంది, సగం ఊరు బిళియ అంది. యల్లప్ప తువ్వాలు నడుముకు బిగించాడు. ఆంజినప్ప మోకాళ్ళ నొప్పి మరిచిపోయి గట్టిగా అరిచాడు. అంతలో ఎవరో అన్నారు, "కొట్లాట ఎందుకప్పా, అంబికమ్మ ఫోన్లో తీసింది గదా! ఆయమ్మ స్క్రీన్లో ఏస్తే కంటికి అందనిది గూడ కనపడ్తాది." అందరికీ ఆ మాట నచ్చింది. పొద్దున తేలుద్దాం అనుకొని విడిపోయారు.

దీపాలు పెట్టే వేళకు అంబిక వీడియో స్క్రీను మీద వేసుకొని, ఒక్కొక్క బొమ్మే జరుపుతూ చూసింది. ఒక బొమ్మలో తాడు నిండుగా ఉంది, రెండెద్దుల కొమ్ములూ దానికి బెత్తెడు దూరం. తర్వాతి బొమ్మలో తాడు రెండు ముక్కలు, రెండెద్దుల కొమ్ములూ అవతల. వెనక్కి పోయింది, ముందుకొచ్చింది. తాడు ఉంది. తాడు లేదు. ఏం జరిగినా ఆ రెంటి నడుమ జరిగిపోయింది, అక్కడ బొమ్మే లేదు. చోటు లేదని మామూలుగా తీసిన తన చెయ్యిని తానే తిట్టుకొంది.

అప్పుడొక ఆలోచన వచ్చింది. ఆమె వాడే సాఫ్ట్‌వేరుకు ఒక గుణం ఉంది. వీడియోను బాగా నెమ్మది చేస్తే, రెండు బొమ్మల నడుమ లేని బొమ్మలను అదే ఊహించి గీసి పెడుతుంది. పెళ్ళిళ్ళలో కొంగు ఎగిరేచోట, తలంబ్రాలు రాలేచోట అదే వాడుతుంది. పోసిన గింజలకన్నా ఎక్కువ గింజలు రాలేవి, ఎవరడుగుతారు? ఇక్కడ కూడా నొక్కింది. గీసింది. చూస్తే, బిళియ కొమ్ము ముందు తగిలి తాడు తెగుతోంది! అంబిక కుర్చీలోంచి లేచి నిలబడింది. మామను పిలుద్దామనుకొంది. కానీ చెప్పాను గదా, ఊరుకొనే రకం కాదు. ఇంకో పద్ధతిలో గీయిస్తే ఏం వస్తుందో అని నొక్కింది. ఈసారి కెంచ కొమ్ము ముందు తగిలింది.

కిటికీ అవతల ఆంజినప్ప బిళియ కాళ్ళకు పసుపు, నూనె రాస్తూ, "రేపు చూడు రా, నీ బొమ్మ ఊరంతా చూస్తాది" అంటున్నాడు. అంబిక రెండో వీడియోను పక్కకు తోసేసి, మొదటిదాన్నే స్క్రీను మీద సిద్ధంగా ఉంచింది.

పొద్దున నడిల్లు నిండిపోయింది. జొన్న మూటల మీద కూడా మనుషులు. యల్లప్ప అందరికన్నా ముందు, స్క్రీనుకు ముక్కు తగిలేంత దగ్గర కూర్చున్నాడు. షిఫ్టు దిగి కంపెనీ చొక్కాతోనే వచ్చిన హనుమేష్ గడపలో నిలబడ్డాడు. అంబిక మొదటి బొమ్మల వరసను నడిపింది. నెమ్మదిగా, నున్నగా, బిళియ కొమ్ము వచ్చి తాడుకు తగిలింది. తాడు తెగింది. ఇల్లు ఎగిరిపోయేలా అరిచారు.  ఆంజినప్ప కళ్ళు తుడుచుకొంటూ కిటికీ వైపు తిరిగాడు.

యల్లప్ప గొడవ చేస్తాడనుకొన్నారు అందరూ. ఆయన తువ్వాలు తీసి భుజాన వేసుకొని లేచాడు. "సరే తల్లీ. నేనైతే నా కెంచగాడే అనుకొంటి. నువ్వు చూపించినావంటే అది నిజమే. అబద్ధమాడేకి నీకేం పనుండాది?"

ఆయన ఇంకేదైనా అని ఉంటే, తిట్టి ఉంటే, అంబికకు తట్టుకోవడం తేలికయ్యేది. ఆ నమ్మకాన్ని తట్టుకోలేకపోయింది. "యల్లప్పన్నా, కూసో" అంది.  "ఇంకొగటి ఉండాది, చూడు."

రెండోది నడిపింది. అదే వీధి, అదే తాడు. కెంచ కొమ్ము ముందు తగిలింది. 

"ఇదేందమ్మా? ఏది నిజం?" అన్నాడు యల్లప్ప.

"రెండూ కాదన్నా. రెండూ కంప్యూటర్ గీసిందే. నా ఫోన్ పట్టింది ఈ రెండు బొమ్మలే. దీంట్లో తాడు ఉండాది. దీంట్లో లేదు. నడుమ ఏమైందో ఫోన్ చూడల్యా. స్క్రీను ఎంత మంచిదైనా, ఫోన్ చూడనిది అది యాడ నుంచి తెస్తాది?"

ఆంజినప్ప ఆమె వైపు తిరిగాడు. ఆయన ముఖం చూడ్డానికి అంబికకు భయమేసింది. "మరి మొదటిది ఒగటే చూపించింటే సరిపోతుండె గదమ్మా" అన్నాడు మెల్లగా. కోపం లేదు, నిజంగానే అడిగాడు.

"సరిపోతుండె మామా. రోజూ యల్లప్పన్న ముందర ఈ మొగం ఎత్తుకొని తిరగల్ల గదా నేను." ఆ మాటతో ఏడుపొచ్చేసింది ఆమెకు. ఏడుస్తూనే, "నాకు గూడ వాడు గెలవల్లనే ఉండె" అంది. అప్పటిదాకా తనకేం కావాలో తెలియని మనిషి.

 ఉచ్చంగెమ్మ ముందుకొచ్చింది. "అట్లయితే ఈ యేడు తెల్లదీ ఎర్రదీ రెండూ ఏసుకోండి. సుమ్నె, ఊరికే గాబరా పడేది ఎందుకు?" ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆంజినప్ప నవ్వలేదు. లేచి, గోడ పట్టుకొని, కొడుకు దగ్గరికి పోయాడు. "మాట ప్రకారం నీ ఇష్టంప్పా. తెంపినాడని చూపించల్యాకపోతిమి."

హనుమేష్ చేతిలో క్యారియర్ సంచి అటూ ఇటూ మార్చుకొన్నాడు. స్క్రీను మీద ఆ రెండు బొమ్మలు పక్కపక్కన అలాగే ఉన్నాయి. వాటిని చూశాడు, కిటికీలోంచి బిళియను చూశాడు.

"తెంపినాడని ఎవురూ చూడల్యా" అన్నాడు. "ఓడిపోయినాడని మాత్రం ఎవురు చూసినారు?"

యల్లప్ప వెంటనే అందుకొన్నాడు. "నేను చూడల్యాప్పా! దేవునాణె, నేను చూడల్యా!"

"అట్లయితే సంతకు ఎట్ల తోలేది? తెంపింటే పాపం తగులుతాది" అన్నాడు హనుమేష్, ఎవరివైపూ చూడకుండా.

"తోలకపోతే పోయె, నీ వారం సెలవు దినం పేడ మాత్రం నీదే" అంది అంబిక ముక్కు చీదుకొంటూ. అప్పుడు నవ్వింది ఊరంతా.

జనం పోయాక ఆంజినప్ప వచ్చి టేబులు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. ఆ రెండు బొమ్మలూ మళ్ళీ చూపించమన్నాడు. అంబిక చూపించింది. తాడు ఉంది. తాడు లేదు. ఆయన చాలాసేపు, రెండు బొమ్మల మీదా కాకుండా, వాటి నడుమ ఉన్న నల్లటి గీత మీద చూపు పెట్టి కూర్చున్నాడు.

"ఈ రెంటి నడుమ ఎంతసేపమ్మా?"

"రెప్ప కొట్టేంత గూడ ఉండదు మామా."

"అంతేనా?" అన్నాడు. కిటికీ అవతల బిళియ మేత నములుతూ తల ఊపింది. "అంత సందులో ఇంత ఎద్దు ఎట్ల దూరి బయటపడెనమ్మా!"